గాలి పట్టేవి కొనండి, ఒంటికి తగిలేవి కూర్చుకోండి

పిల్లల్ని ఎయిర్ రైఫిల్ షూటింగ్‌లో చేర్పించిన తల్లిదండ్రులకి ఏడాది తిరిగేసరికి ఒకటే సమస్య ఎదురవుతుంది. క్లబ్బు రైఫిల్ పదిమంది చేతులు మారుతుంది, ఎవరి కొలతకీ నిలవదు. ఇక సొంతది కావాలి. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు కాబట్టి పాతది కొని, పాడైన భాగాలు మార్చుకుందాం అనుకుంటారు. అప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. మార్చాల్సిన భాగాన్ని కంపెనీ బిగించి ఇచ్చినట్టే పూర్తిగా కొనాలా, లేక ముక్కలు తెచ్చుకుని మనమే కూర్చుకోవాలా?

రేంజ్‌లో, అంటే పిల్లలు కాల్చడం నేర్చుకునే చోట, ఈ విషయం మీద రెండు వర్గాలున్నాయి. ఒక వర్గం ప్రకారం చేయి పెడితే రైఫిల్ చెడిపోతుంది, ప్రతిదీ కంపెనీదే కావాలి, డబ్బు లేకపోతే అప్పు చేయాలి. రెండో వర్గానికి అన్నీ సికింద్రాబాద్ రాణిగంజ్ విడిభాగాల కొట్లలో దొరుకుతాయి, కంపెనీ పేరు చెప్పి పదింతలు గుంజుతున్నారు, మన మెకానిక్ చేయలేనిది ఏదీ లేదు. మా అమ్మాయి రైఫిల్ కోసం నేను ఈ రెండు వర్గాల మాటా విన్నాను, ఇద్దరి దగ్గరా నేర్చుకున్నాను. నాకు తేలిందేమిటంటే, గాలిని పట్టి ఉంచే భాగాలూ గుండు ఎప్పుడు, ఎంత వేగంతో బయల్దేరాలో నిర్ణయించే భాగాలూ పూర్తిగా కొనాలి. షూటర్ ఒంటికి తగిలే భాగాలు మాత్రం కూర్చుకోవాలి. డబ్బున్నా సరే కూర్చుకోవడమే మంచిదని నా వాదన.

ముందే ఒక మాట. నేను మాట్లాడుతున్నది 10 మీటర్ల పోటీలో వాడే ఎయిర్ రైఫిల్ గురించి. 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్, దాన్ని తోసేది బిగించిన గాలి. మన ఆయుధ నిబంధనల ప్రకారం 0.177 అంగుళాల బోరు, 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. పోటీ రైఫిళ్ళ శక్తి ఎనిమిది జౌల్స్ లోపే ఉంటుంది. మందుగుండుతో పేలే తుపాకుల సంగతి వేరు. వాటి భాగాల విషయంలో ఇంట్లో కూర్చుకోవడం అన్న మాటే రాకూడదు, అది పూర్తిగా చట్టం పరిధిలో నడవాల్సిన వ్యవహారం.

ఇక ఖర్చు. పోటీ స్థాయి రైఫిళ్ళు చాలావరకు జర్మనీ, ఆస్ట్రియాల నుంచే రావాలి. ఉల్మ్ నుంచి వాల్తర్, ఆన్షుట్జ్; ఒబెర్న్‌డార్ఫ్ నుంచి ఫైన్‌వెర్క్‌బావ్; ఆస్ట్రియా నుంచి స్టెయర్. కొత్తది మన చేతికొచ్చేసరికి రెండు లక్షలు దాటుతుంది, పై మోడల్ అయితే మూడు కూడా దాటుతుంది. దాని మీద జాకెట్, ప్యాంటు, బూట్లు, పెల్లెట్లు, రేంజ్ ఫీజు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచినప్పుడు, కొడుక్కి రైఫిల్ కొనడానికి తండ్రి స్థలం అమ్మిన సంగతి పత్రికలన్నీ రాశాయి. ఆ తండ్రికి చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ ఆ కథని చూపించి ప్రతి మధ్యతరగతి తండ్రినీ అప్పుల్లోకి తోయడం అన్యాయం. పదమూడేళ్ళ పిల్ల ఈ ఆటలో ఉంటుందో ఉండదో తెలియకముందే మూడు లక్షలు పెట్టమనడం సలహా కాదు.

పాత రైఫిల్ అంటే భయపడేవాళ్ళు ముందు ఒక విషయం తెలుసుకోవాలి. రైఫిల్‌లో అన్నీ ఒకేలా ముసలివి కావు. బ్యారెల్ ఉక్కు, దాంట్లోంచి పోయేది మెత్తని సీసం, అదీ సెకనుకి 170 మీటర్ల చిన్న వేగంతో. అక్కడ మంట లేదు, వేడి లేదు. లక్షల గుళ్ళు కాల్చిన బ్యారెల్ కూడా తుప్పు పట్టకుండా చూసుకుంటే కొత్తదానిలాగే గ్రూప్ ఇస్తుంది, అంటే గుళ్ళన్నీ ఒకే చోట దగ్గరగా పడతాయి. రిసీవర్, పట్టాలు, స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే భాగం) అల్యూమినియం ఫ్రేము, ఇవన్నీ మనకంటే ఎక్కువ కాలం ఉంటాయి. ముసలివయ్యేవి రబ్బరు సీళ్ళు, స్ప్రింగులు, గాలి సిలిండర్. అందుకే పదిహేనేళ్ళ నాటి రైఫిల్ కొనడం తప్పేమీ కాదు. ముసలైన భాగాల విషయంలో ఏం చేస్తారన్నదే ముఖ్యం.

వాటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది రెగ్యులేటర్. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను చూసినంతలో పిల్లల మనసు విరిచేసిన భాగం ఇదే.

సిలిండర్‌లో గాలి 200 బార్ ఒత్తిడితో నింపుతాం. కాలుస్తున్న కొద్దీ అది తగ్గుతూ వస్తుంది. నిండుగా ఉన్నప్పుడు ఒక వేగం, సగానికి వచ్చాక ఇంకో వేగం అయితే పోటీ కుదరదు. కాబట్టి సిలిండర్‌కీ వాల్వుకీ మధ్య రెగ్యులేటర్ కూర్చుని ప్రతి గుండుకీ ఒకే కొలత గాలి అందిస్తుంది. దాని లోపలి సీటు అరిగితే గాలి సన్నగా కారుతూ ముందు గదిలో ఒత్తిడి పెంచుతుంది. వరసగా కాలుస్తూ పోతే తేడా తెలీదు. షూటర్ రైఫిల్ దించి, ఊపిరి సర్దుకుని, రెండు నిమిషాలు ఆగి మళ్ళీ ఎత్తితే మాత్రం ఆ గుండు మామూలు కంటే వేగంగా పోతుంది.

ఆ వేగం ఎంత చేటు చేస్తుందో లెక్క వేద్దాం. సెకనుకి 170 మీటర్ల వేగంతో పది మీటర్లు దాటడానికి పెల్లెట్‌కి సుమారు 0.059 సెకన్లు పడుతుంది. ఆ రెప్పపాటులో అది 17 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. సైట్లు ఆ జారుడుకి సరిపెట్టి ఉంటాయి. వేగం 175కి పెరిగితే జారేది 16 మిల్లీమీటర్లే. అంటే గుండు ఒక మిల్లీమీటరు పైన పడుతుంది. ఒక మిల్లీమీటరుదేముంది అనుకోవద్దు. ఈ పోటీలో పది అంకె ఉన్న చుక్క అర మిల్లీమీటరు, పాయింట్లు దశాంశాల్లో లెక్కేస్తారు, ఒక్కో దశాంశం పావు మిల్లీమీటరు. 10.6 పడాల్సిన గుండు 10.2 అవుతుంది. అరవై గుళ్ళలో సగటున రెండు దశాంశాలు పోయినా మొత్తం మీద 12 పాయింట్లు పోతాయి. రాష్ట్ర స్థాయిలో ఆ తేడాతో పదుల కొద్దీ స్థానాలు కిందికి దిగిపోతారు.

నష్టం పాయింట్లతోనే ఆగదు. ఆ పైన పడ్డ గుండు ఏది? ఆగి, జాగ్రత్తగా, ఊపిరి బిగపట్టి కాల్చినది. గబగబా కాల్చినవి బాగా పడుతున్నాయి, ఓపిగ్గా కాల్చినది పోతోంది. పిల్ల ఏమనుకుంటుంది? తన తప్పే అనుకుంటుంది. కోచ్ "టెన్షన్ పడుతున్నావమ్మా" అంటాడు. తండ్రి "ధ్యానం చెయ్" అంటాడు. ఇంటికొచ్చి ఆ పిల్ల ఏడుస్తుంది. కారణం పప్పుగింజంత సీలు. అందుకే రెగ్యులేటర్‌ని ఎవరో విప్పి, దగ్గరగా ఉన్న సైజు రబ్బరు పెట్టి, స్క్రూ అటూ ఇటూ తిప్పి సరిచేశానంటే నేను ఒప్పుకోను. చేతిపని మంచిదే కావచ్చు. కానీ ఆ పని సరిగ్గా అయిందో లేదో మన కంటికి కనపడదు, చేతికి తెలీదు. అది తెలిసేది పోటీ రోజున, అదీ పిల్ల తప్పులా కనిపిస్తూ.

కాబట్టి రెగ్యులేటర్, ఫైరింగ్ వాల్వ్ రెండూ కంపెనీ యూనిట్లే కొనాలి, లేదా కంపెనీ సీల్ కిట్ కొని అది బిగించడం తెలిసిన ఆర్మరర్ (తుపాకీ మెకానిక్) చేత చేయించాలి. చేయించాక గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు పెట్టి వరసగా పది గుళ్ళు, ఆ తర్వాత ఒక్కో గుండుకీ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగి ఇంకో పది కాల్చి వేగాలు రాసుకోవాలి. ఆ రెండు వరసలూ కలిస్తేనే పని అయినట్టు. నాలుగైదు మీటర్ల తేడా కనిపిస్తే డబ్బు కట్టకుండా వెనక్కి ఇచ్చేయండి.

సిలిండర్ విషయంలో వాదనకి కూడా తావు లేదు. కారు టైరులో ఉండేది రెండు బార్ పైచిలుకు. సిలిండర్‌లో ఉండేది 200. దాన్ని పిల్ల ముఖానికి అంత దగ్గరలో, చేతి పక్కనే పెట్టుకుంటుంది. తయారీదారులు సిలిండర్‌కి పదేళ్ళ గడువు పెడతారు, తయారైన నెల, ఏడాది దాని మీదే చెక్కి ఉంటాయి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం సిలిండర్ గడువులో ఉండేలా చూసుకోవాల్సిన బాధ్యత షూటర్‌దే, పరికరాల తనిఖీలో అడగొచ్చు. సెకండ్ హ్యాండ్ రైఫిల్ చౌకగా వస్తోందంటే చాలాసార్లు కారణం ఇదే. మాకు తెలిసిన కుటుంబం ఒకటి ఒక డీలర్ దగ్గర పాత రైఫిల్ కొంది. "కండిషన్ కొత్తదానిలా ఉంది సార్" అని ఆయన అన్నది నిజమే, రైఫిల్ అలాగే ఉంది. సిలిండర్ గడువు మాత్రం తీరిపోయింది. ఆ తేదీ గురించి ఆయన చెప్పలేదు, వీళ్ళకి అడగాలని తెలీదు. కొత్త సిలిండర్‌కి పాతిక వేల పైన అయింది. ఆ డబ్బు బేరంలో తగ్గించుకోవాల్సినది.

సిలిండర్‌ని వెల్డింగ్ చేయించడం, పాతదాని మీద కొత్త పెయింట్ వేయించడం, వేరే మోడల్ సిలిండర్‌కి అడాప్టర్ చేయించి తగిలించడం, ఇవన్నీ జరుగుతున్నాయి. ఎంత చౌక అయినా వద్దు. నింపేటప్పుడు కంప్రెసర్ ఫిల్టర్ పొడిగా ఉందో లేదో అడగండి. వానాకాలం గాలిలో తేమ లోపలికి పోతే తుప్పు అక్కడే మొదలవుతుంది. విశాఖ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉండేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇక్కడ రాణిగంజ్ వర్గానికి న్యాయం చేయాలి. సిలిండర్‌కీ రైఫిల్‌కీ మధ్య ఉండే ఓ-రింగ్ (గాలి కారకుండా వేసే రబ్బరు చుట్టు), నింపే అడాప్టర్ మీది ఓ-రింగ్, ఇవి మనం మార్చుకోగలిగినవే. సిలిండర్ మీద ఒత్తిడి చూపే సూది దిగుతోందంటే ముందు సిలిండర్ విప్పి రెండు రోజులు విడిగా పెట్టండి. విడిగా ఉన్నప్పుడు కూడా దిగితే లోపం సిలిండర్‌లో ఉంది, దాన్ని ముట్టుకోకండి. విడిగా ఉన్నప్పుడు నిలబడి, బిగించినప్పుడే దిగితే చాలాసార్లు ఆ జాయింట్ ఓ-రింగే కారణం. అది కొన్ని రూపాయల వస్తువు. కాకపోతే కొట్లో మామూలుగా ఇచ్చేది షోర్ 70 గట్టిదనం ఉన్న రబ్బరు. ఇంత ఒత్తిడికి షోర్ 90 కావాలి. లోపలి వ్యాసం, రబ్బరు మందం రెండూ వెర్నియర్‌తో కొలిచి చెప్పాలి, "సుమారుగా ఇంత" అంటే కుదరదు. పాతది పట్టుకెళ్ళి చూపిస్తే అది నలిగి ఉంటుంది కాబట్టి కొలత తప్పొస్తుంది. మాన్యువల్‌లో ఉన్న కొలత చూసుకుని వెళ్ళండి. ఇలా తెచ్చిన రింగు వేశాక గాలి నిలిచిందో లేదో సూదే చెబుతుంది. కంటికి కనిపించే పరీక్ష ఉంది కాబట్టే ఇది ఇంట్లో చేసుకోదగ్గ పని.

ట్రిగ్గర్ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ట్రిగ్గర్ యూనిట్ బయట ఉన్న స్క్రూలు మాన్యువల్ చూసి తిప్పుకోవచ్చు. యూనిట్ విప్పి లోపలి అంచులు ఆకురాయితో నునుపు చేయడం మాత్రం మానుకోవాలి. ఎయిర్ రైఫిల్‌కి ట్రిగ్గర్ బరువుకి కింది పరిమితి లేదు కదా అని ఇంకా తేలిక, ఇంకా తేలిక అంటూ అరగదీస్తే, చివరికి తలుపు గట్టిగా వేసిన చప్పుడుకే పేలే రైఫిల్ తయారవుతుంది. పక్క లేన్‌లో ఇంకొకరి పిల్లలున్నారు.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగానికి వస్తాను. భుజానికి ఆనే బట్ ప్లేట్, చెంప ఆనించే చీక్ పీస్, పిస్టల్ గ్రిప్, చేతి కింద ఆనించే హ్యాండ్ రెస్ట్, బ్యారెల్ మీది బరువులు. ఇవి ఒంటికి తగిలేవి, లేదా ఒంటికి తగిలే భారాన్ని మార్చేవి. వీటికి కంపెనీ వాడి దగ్గర సమాధానం ఉండదు, ఎందుకంటే మా అమ్మాయి భుజం వాడికి తెలీదు. ఎంత ఖరీదైన బట్ ప్లేట్ అయినా సర్దుకునేందుకు స్క్రూలు ఇస్తారంతే, సర్దాల్సింది మనమే. పైగా పదమూడుకీ పదిహేడుకీ మధ్య పిల్లలు ఎదుగుతారు. ఏటా భుజం వెడల్పు మారుతుంది, మెడ పొడవు మారుతుంది. ఆ వయసులో లక్ష పెట్టి కొన్న స్టాక్ రెండేళ్ళకి బిగుతు చొక్కా అయిపోతుంది.

మేం చీక్ పీస్‌తో మొదలుపెట్టాం. పాత రైఫిల్‌తో వచ్చినది పెద్ద మగమనిషి దవడకి సరిపోయేది. మా అమ్మాయి డయాప్టర్‌లోంచి, అంటే కంటి దగ్గరుండే సన్నని రంధ్రపు వెనక సైటులోంచి, చూడాలంటే తల వంచాల్సి వచ్చేది. మెడ కండరం బిగుసుకుని ఇరవై గుళ్ళయ్యేసరికి కన్ను మసకబారేది. కొత్త చీక్ పీస్ ధర అడిగితే కళ్ళు తిరిగాయి. పాత మద్దతు రాడ్లు అలాగే ఉంచి, పైన చెక్కతో కొత్త దిండు చేయించాం. తను కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికి ఆనించి, తల సహజంగా వాల్చి, ఆ తర్వాత కళ్ళు తెరిచేది. సైట్ రింగు మధ్యలో ఉందా, పక్కకి ఉందా? పక్కకి ఉంటే చెక్క కాస్త చెక్కడం, మళ్ళీ చూడటం. తొందరలేదు, పోటీ సీజన్ కాదు. కళ్ళు తెరిచిన ప్రతిసారీ రింగు మధ్యలో ఉన్న రోజున "నాన్నా, ఇప్పుడు నేను చూడక్కర్లేదు, అదే కనపడుతోంది" అంది. కోచ్ సార్ ఏడాదిగా చెబుతున్న తల స్థానం పాఠం తనకి ఆ చెక్కముక్క దగ్గర అర్థమైంది.

గ్రిప్ కూడా అంతే. చెక్క గ్రిప్ మీద ఎం-సీల్ పూసి, తడి చేత్తో పట్టుకుని అచ్చు తీసి, గట్టిపడ్డాక గరుకు కాగితంతో సాపు చేసుకోవచ్చు. నిబంధన మాత్రం గుర్తుంచుకోవాలి. పట్టు పెంచే పదార్థాలేవీ గ్రిప్ మీదా, ముందు స్టాక్ మీదా అంటించకూడదు. జిగురు టేపులూ గరుకు కాగితాలూ అంటించుకుని వెళ్తే తనిఖీలో ఆపేస్తారు.

బరువుల కోసం బాలానగర్ వెళ్ళాం. అక్కడి లేత్ షాపులకి గుండ్రటి ఇత్తడి బిళ్ళ తిప్పడం పెద్ద పనేమీ కాదు. లేత్ మీదున్న ఆయన బిళ్ళ చేతిలో తిప్పుతూ "ఇది దేనికమ్మా?" అని మా అమ్మాయినే అడిగాడు. "రైఫిల్ ముందు భాగం బరువుగా ఉండాలన్నా, అప్పుడు ఊగదు. కానీ బ్యారెల్ నడిమధ్య నుంచి 30 మిల్లీమీటర్లు దాటి బయటికి రాకూడదు" అని తను చెబుతుంటే ఆయన బొమ్మ గీయమని సుద్ద ఇచ్చాడు. నేల మీద గీసింది. ఆయన గీత చూసి, బిగించే స్క్రూ రంధ్రం ఇటు మార్చితే బ్యారెల్ మీద గీత పడదని చెప్పాడు. నాకు తెలిసిన ఏ కేటలాగూ మా పిల్లకి ఆ మాట చెప్పలేదు. టేపుతో బరువులు అంటించడం నిబంధనలకి విరుద్ధం కాబట్టి స్క్రూ తప్పనిసరి. మొత్తం రైఫిల్ 5.5 కిలోలు దాటకూడదు. కిరాణా కొట్టు త్రాసు మీద చూసుకున్నా సరిపోతుంది, కాకపోతే వంద గ్రాములైనా వెసులుబాటు ఉంచుకోండి, పోటీ త్రాసుతో వాదించలేం.

ఈ కూర్పు పనిలో క్రమశిక్షణ ఒక్కటే కావాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. మార్చిన ప్రతిదాన్నీ నోట్‌బుక్‌లో రాయాలి, పాత స్థానం దగ్గర సన్నని గీత పెట్టాలి. లేకపోతే బట్ ప్లేట్, చీక్ పీస్, సైటు మూడూ ఒకే ఆదివారం కదిపి, సోమవారం స్కోరు పడిపోతే ఎందుకు పడిందో దేవుడికే తెలియాలి.

డయాప్టర్ సైటు ఈ రెండిటి మధ్యలో ఉంటుంది. అది కూర్చుకునేది కాదు, కానీ సెకండ్ హ్యాండ్‌లో నిర్భయంగా కొనొచ్చు, ఎందుకంటే పరీక్షించడం తేలిక. ముందొక గ్రూప్ కాల్చండి. తర్వాత ఇరవై క్లిక్కులు కుడికి తిప్పి, ఇరవై ఎడమకి తిప్పి మళ్ళీ కాల్చండి. గ్రూప్ పాత చోటికే వస్తే సైటు మంచిది. రాకపోతే లోపలి స్క్రూ అరిగింది. రెండు సైట్ల మధ్య దూరం 80 సెంటీమీటర్లు అనుకుంటే, వెనక సైటులో 0.1 మిల్లీమీటరు వదులు ఉన్నా టార్గెట్ దగ్గర అది 1.25 మిల్లీమీటర్లు. అయిదు దశాంశాలు.

కొత్తదే కొనమనే వర్గం అసలు బలం వేరే ఉంది. "పోటీ మధ్యలో పాత రైఫిల్ మొరాయిస్తే?" అంటారు. భయం నిజమైనదే. కానీ దానికి మందు కొత్త రైఫిల్ కాదు. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 జులైలో, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ పాడైంది. ప్రపంచంలో అందరికంటే మంచి పరికరాలున్న షూటర్లలో ఆమె ఒకరు. బాగుచేసుకుని వచ్చేసరికి చాలా నిమిషాలు పోయాయి, తొందరగా కాల్చాల్సి వచ్చింది, రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ చేజారింది. మూడేళ్ళకి పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచిందనుకోండి, అది ఆమె గుండె ధైర్యం. పరికరం ఎంత కొత్తదైనా ఆగిపోగలదు. ఆగినప్పుడు కావాల్సింది బ్యాగులో ఆ భాగం, దాన్ని మార్చడం తెలిసిన చేయి. తన రైఫిల్ ఏ స్క్రూ ఎందుకుందో తెలిసిన పిల్ల ఆ క్షణంలో ఏడవకుండా పనిలో పడుతుంది. ఆ చేయి కూర్చుకున్న ఇంట్లోనే తయారవుతుంది.

అన్నీ కూర్చుకుందామనే వర్గానికి నేను చెప్పే మాట లెక్క గురించి. ముక్కలుగా కొంటే చౌక అన్నది విడిగా చూసినప్పుడే నిజం. పాత రైఫిల్ లక్షకి వచ్చిందనుకోండి. సిలిండర్ ముప్పై వేలు, సీల్ కిట్టూ ఆర్మరర్ కూలీ కలిపి పది, డయాప్టర్ ఇరవై, బట్ ప్లేట్ పదిహేను. ఒక్కో పార్సిల్‌కీ విడిగా రవాణా, విడిగా సుంకం. సిలిండర్ విమానంలో రావాలంటే ఖాళీ చేసి పంపాలి, కొన్ని కొరియర్లు అసలు తీసుకోవు. అన్నీ కలిపేసరికి కొత్తదానికి ఏ పాతిక వేలో తక్కువ. ఆ తేడాకి వారంటీ వదులుకుంటున్నారు. అందుకే మొదటి రూపాయి ఇచ్చే ముందే కాగితం మీద మొత్తం రాయాలి. అది కొత్తదాని ధరలో మూడింట రెండు వంతులు దాటుతుంటే నేనైతే ఆ బేరం వదిలేస్తాను. దిగుమతి సుంకం మినహాయింపు పొందే స్థాయికి పిల్ల చేరబోతుంటే ఇంకా ముందే వదిలేస్తాను, ఒక సీజన్ ఆగి కొత్తదే తెప్పించుకోవచ్చు.

మిగిలిన డబ్బు ఎక్కడికి పోవాలో కూడా ముందే అనుకోవాలి. నా దృష్టిలో అది పెల్లెట్లకి పోవాలి. అయిదు వందల పెల్లెట్ల విదేశీ డబ్బా వెయ్యి రూపాయలకి అటూ ఇటూ ఉంటుంది. సైటు సరిచూసుకోవడానికి ముందు కాల్చే గుళ్ళతో కలిపి ఒక పూర్తి మ్యాచ్ కాలిస్తే ఎనభై నుంచి వంద. డబ్బా అయిదారు రోజులకి మించి రాదు. మూడు లక్షల రైఫిల్ కొని, పెల్లెట్లు పొదుపు చేయడానికి వారానికి రెండు రోజులే కాల్పిస్తున్న ఇళ్ళు నాకు తెలుసు. గుళ్ళు లేని రైఫిల్ ఎంత గొప్పదైతే ఏం లాభం? వేరే వేరే బ్యాచ్‌ల పెల్లెట్లు తెచ్చి, రైఫిల్‌ని బిగించి కాల్చి ఏ బ్యాచ్ చిన్న గ్రూప్ ఇస్తుందో చూసుకుని, ఆ బ్యాచే ఎక్కువగా కొని పెట్టుకోవడం వల్ల వచ్చే లాభం చాలా కొత్త భాగాల వల్ల రాదు.

ఇదంతా ఏ ఇంటికి ఆ ఇల్లు ఒంటరిగా మోయక్కర్లేదు కూడా. ఒకే రేంజ్‌లో పది పదిహేనుమంది పిల్లలు రెండు మూడు మోడళ్ళ రైఫిళ్ళే వాడుతుంటారు. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022 డెఫ్లింపిక్స్‌లో (బధిరుల ఒలింపిక్స్) ఎయిర్ రైఫిల్ స్వర్ణం తెచ్చాక మన దగ్గర చేరే పిల్లలు ఇంకా పెరిగారని రేంజ్‌లో అనుకుంటుంటారు. అలాంటప్పుడు ప్రతి తండ్రీ విడిగా సీల్ కిట్ తెప్పించుకుని డ్రాయర్‌లో పెట్టుకోవడం దండగ. రబ్బరు డ్రాయర్‌లో ఉన్నా ముసలిదవుతుంది. ఒక్కో మోడల్‌కి ఒక సీల్ కిట్, గడువులో ఉన్న ఒక అదనపు సిలిండర్, సరైన సైజు ఓ-రింగులు, స్ప్రింగులు ఉన్న పెట్టె ఒకటి క్లబ్బులో ఉంచి, ఖర్చు పంచుకుంటే ఇంటికి కొన్ని వేలతో పోతుంది. తాళం కోచ్ దగ్గర, తేదీల పట్టిక పెట్టె మూత మీద. వాడుకున్నవాళ్ళు నెలలోపు తిరిగి కొని పెట్టాలి. మీ రేంజ్‌లో ఇలాంటిది లేకపోతే ఈ ఆదివారమే నలుగురు తల్లిదండ్రులతో మాట్లాడండి. ఆ పెట్టెలోకి మొదట కొనాల్సింది ఒక క్రోనోగ్రాఫ్. దాంతో ముందుగా ఈ మధ్య స్కోరు పడిపోయిన పిల్లల రైఫిళ్ళు పరీక్షించండి.